ఆడలేక మద్దెల ఓడు: పీసీ గేముల్లో సౌండు కథ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి అలా నడుం వాల్చానో లేదో, కూకట్‌పల్లి నుంచి మా మేనల్లుడి ఫోను. "మావయ్యా, ఈ హెడ్‌సెట్ కూడా డొక్కుదే. పాటలు వింటే బ్రహ్మాండంగా ఉంటుంది. గేమ్ మొదలెట్టగానే సౌండంతా డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోతోంది. దీన్ని కూడా రిటర్న్ కొట్టేస్తున్నా" అన్నాడు. అప్పటికే ఒకటి తిప్పి పంపేశాడట, ఇది రెండోది. డ్రైవర్లు మార్చాడు, విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు, గేమ్ మొత్తం పీకేసి రాత్రంతా మళ్ళీ డౌన్‌లోడ్ చేశాడు. ఫలితం శూన్యం.

"ఒరేయ్, ఆడేటప్పుడు ఫ్రెండ్స్‌తో మాట్లాడతావా?" అని అడిగా.

"మాట్లాడకుండా ఎలా ఆడతాం మావయ్యా!" అన్నాడు, మ్యూజియంలో వస్తువుతో మాట్లాడుతున్నట్టు.

"ఐతే మైకు హెడ్‌సెట్‌ది కాకుండా లాప్‌టాప్‌ది పెట్టి చూడు."

రెండు నిమిషాల్లో మళ్ళీ ఫోను. బాగైపోయింది.

సంగతేమిటంటే, మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ రెండు వేషాలు వేస్తుంది. పాటలు వినేటప్పుడు ఒక పద్ధతి. అందులో శబ్దం ఒకవైపే ప్రయాణిస్తుంది కాబట్టి స్టీరియోలో, మంచి నాణ్యతతో వస్తుంది. మైకు అవసరం పడగానే ఫోన్ కాల్స్ కోసం పుట్టిన రెండో పద్ధతికి మారిపోతుంది. అందులో పోవడం, రావడం రెండూ ఇరుకు సందులోనే. స్టీరియో పోయి మోనో అవుతుంది, సెకనుకి 44,100 శాంపిళ్ళ చోట 8,000 గానీ 16,000 గానీ మిగుల్తాయి. గేమ్ వాయిస్ చాట్ మొదలెట్టి మైకు తెరిచిందంటే హెడ్‌సెట్ వేషం మార్చేసిందన్నమాట. గేమ్‌లో తప్పు లేదు, హెడ్‌సెట్‌లో తప్పు లేదు, విండోస్‌లోనూ లేదు. ఎవరి పని వాళ్ళు సక్రమంగానే చేస్తున్నారు. పాడైంది ఆ ముగ్గురి మధ్య పొత్తు. 2022లో పూర్తైన ఎల్ఈ ఆడియో ప్రమాణం ఈ బాధ తీర్చడానికి వచ్చిందే, కానీ లాప్‌టాప్, హెడ్‌సెట్, మధ్యలో డ్రైవర్ మూడూ దానికి ఒప్పుకోవాలి.

ఇందులో నా తెలివి ఏమీ లేదు. వాడు చేసిన తప్పే నేను 1998లో చేశా. కాకపోతే వాడు హెడ్‌సెట్‌ని తిట్టాడు, నేను మనిషిని తిట్టాను. ఆ సంగతి అర్థం కావాలంటే కథ మొదట్నుంచీ చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అది ఆఫీసు మిషను. దానికి పాట పాడాల్సిన అవసరం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. లోపల చిన్న స్పీకరు, దాన్ని ఆడించడానికి ఇంటెల్ 8253 టైమర్ చిప్‌లో ఒక ఛానెల్. అంతే. ఆ చిప్ స్పీకర్‌ని ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని కొడుతుంది. ఎంత వేగంగా కొడితే స్వరం అంత పైకి పోతుంది. వాల్యూమ్ అనే మాటే లేదు. ఒకసారికి ఒక్కటే స్వరం. ఘనులైన కొందరు ప్రోగ్రామర్లు ఆ స్పీకర్‌ని లెక్కప్రకారం అతివేగంగా ఆన్ ఆఫ్ చేసి మనిషి గొంతు కూడా పలికించారు. కానీ ఆ పనంతా ప్రాసెసరే చెయ్యాలి. గొంతు వినిపిస్తున్నంతసేపూ ఆట దాదాపు బిగుసుకుపోవాల్సిందే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాతి నలభై ఏళ్ళ గొడవంతా ఇదే. ఆటకీ శబ్దానికీ కావలసింది ఒకే ప్రాసెసర్ టైము. ఎవరికి ఎంత ఇవ్వాలి?

1987లో కెనడాలోని క్యుబెక్ నుంచి యాడ్‌లిబ్ కార్డు వచ్చింది. దాంట్లో యమహా వాళ్ళ వైఎం3812 చిప్, ఒకేసారి తొమ్మిది స్వరాలు. అదే ఏడాది రోలాండ్ కంపెనీ ఎంటీ-32 అనే పెట్టె తెచ్చింది, అది సంగీతం చేసుకునే వాళ్ళ కోసం చేసింది. 1988లో సియెర్రా వాళ్ళ 'కింగ్స్ క్వెస్ట్ 4' ఈ రెండిటికీ సంగీతం సమకూర్చి బయటికొచ్చింది. పీసీ గేమ్‌లో నిజమైన సంగీతం ఉండొచ్చని జనానికి అప్పుడు తెలిసింది. ఐతే యాడ్‌లిబ్‌కి సంగీతం వచ్చు గానీ రికార్డు చేసిన శబ్దం పలికించే ఏర్పాటు లేదు. తుపాకి పేలిన చప్పుడు, మనిషి అరుపు, తలుపు కిర్రుమనడం ఇవేవీ దాని పని కాదు.

ఆ ఖాళీలోకి దూరింది సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ. సిమ్ వాంగ్ హూ అనే ఆయన 1981లో పెట్టిన సంస్థ అది (ఆయన 2023 జనవరిలో పోయారు). 1989లో వాళ్ళు సౌండ్ బ్లాస్టర్ తెచ్చారు. యాడ్‌లిబ్‌లో ఉన్న యమహా చిప్పే ఇందులోనూ పెట్టారు, కాబట్టి యాడ్‌లిబ్ కోసం రాసిన ఆటలన్నీ ఇందులో పాడతాయి. దానికి తోడు రికార్డు చేసిన శబ్దం. దానికి తోడు జాయ్‌స్టిక్ పెట్టుకోవడానికి పోర్టు. ఒక స్లాటులో మూడు పనులు. 1992 వచ్చేసరికి యాడ్‌లిబ్ దివాళా తీసింది. అదే ఏడాది సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చి సీడీ నాణ్యత శబ్దాన్ని పీసీలోకి తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కార్డు డబ్బా మీదా ఒకటే మాట, "సౌండ్ బ్లాస్టర్ కంపాటిబుల్". ఆ 'కంపాటిబుల్' అనే మాట ఎంతమందిని ఏడిపించిందో మనలో నలభై దాటిన వాళ్ళకి తెలుసు.

ఇక్కడ కాస్త టెక్నికల్. డాస్‌లో ఆటకీ సౌండ్ కార్డుకీ మధ్య ఎవరూ లేరు. ఆపరేటింగ్ సిస్టమ్ పక్కకి తప్పుకుంటుంది, ఆటే నేరుగా కార్డుతో మాట్లాడాలి. దానికి మూడు సంగతులు తెలియాలి. కార్డు ఇంటి నంబరు (పోర్ట్ అడ్రస్, సాధారణంగా 220), అది ఏ దారిలో సరుకు దింపుకుంటుంది (డీఎంఏ ఛానెల్, 1), సరుకు అయిపోయినప్పుడు ఏ గంట కొడుతుంది (ఐఆర్‌క్యూ, 5 లేదా 7). ఆటోఎగ్జెక్ ఫైల్లో "సెట్ బ్లాస్టర్ = ఏ220 ఐ5 డి1 హెచ్5 టి6" అని మంత్రంలా రాసుకున్న లైను గుర్తుందా? అది ఇదే.

పెళ్ళి పంక్తి ఊహించుకోండి. సౌండ్ కార్డు విస్తరి ముందు కూర్చున్న భోజనప్రియుడు. సెకనుకి ఇన్ని మెతుకులని లెక్కప్రకారం తింటూనే ఉంటాడు, ఆగడు. విస్తరి అంటే బఫర్. సగం ఖాళీ అవ్వగానే గంట కొడతాడు, అంటే ఇంటరప్ట్. వడ్డించేవాడు, అంటే ప్రాసెసర్, చేస్తున్న పని ఆపి పరిగెత్తుకొచ్చి వడ్డించాలి. సమయానికి రాకపోతే? మనిషైతే ఎదురుచూస్తాడు. కార్డు ఎదురుచూడదు, విస్తరిలో ఉన్న పాతదాన్నే మళ్ళీ మొదట్నుంచీ తింటుంది. మనకి ట్ట-ట్ట-ట్ట-ట్ట అని వినిపిస్తుంది. ఆలస్యం కొంచెమే ఐతే చిటపట. ఈ రోజుకీ గేముల్లో సౌండు చిట్లడానికి మొదటి కారణం ఇదే, వడ్డన ఆలస్యం.

మరి విస్తరి పెద్దది వేస్తే సరిపోదా అంటారా? సరిపోదు. పెద్ద విస్తరి నిండా ముందే వడ్డించేశాక ఇప్పుడు కొత్త వంటకం తెస్తే, పాతది అయ్యాక గానీ దాని వంతు రాదు. సీడీ నాణ్యత శబ్దానికి సెకనుకి 1,76,400 బైట్లు కావాలి. 4 కేబీ బఫర్ పెడితే 23 మిల్లీసెకన్లకి సరిపోతుంది. 32 కేబీ పెడితే చిటపట ఉండదు గానీ, మీరు ట్రిగ్గర్ నొక్కిన ఐదో వంతు సెకను దాకా తుపాకి పేలదు. పాటలకి ఆ ఆలస్యం లెక్కలోది కాదు, ఆటకి ప్రాణాంతకం. అందుకే పాటలు బాగా పలికే మిషన్లోనే ఆట గరగరలాడటం అనేది వింత కాదు.

ఇప్పుడు నా కథ. 1998లో మా హాస్టల్లో నలుగురం డబ్బులేసుకుని ఒక పాత 486 మిషను నడిపేవాళ్ళం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీలో, ఒక చిన్న షాపులో సెకండ్ హ్యాండ్ సౌండ్ కార్డు కొన్నా. షాపులో ఉన్న కుర్రాడికి నా వయసే ఉంటుంది. తెచ్చి పెట్టి, డాస్‌లో ఆడే ఒక షూటింగ్ గేమ్ మొదలెడితే, మొదటి తుపాకి చప్పుడే ట్ట-ట్ట-ట్ట అని ఆగకుండా మోగింది. మర్నాడు పట్టుకెళ్ళా. ఆ కుర్రాడు పెట్టి చూశాడు, వాళ్ళ దగ్గర బాగానే పలికింది. ఐనా మారుమాట లేకుండా ఇంకోటి ఇచ్చాడు. ఇంటికొస్తే మళ్ళీ ట్ట-ట్ట-ట్ట. మూడోసారి వెళ్ళినప్పుడు మాత్రం నేను మనిషిలా మాట్లాడలేదు. నకిలీ సరుకు అంటగడుతున్నావు, స్టూడెంట్లంటే లోకువా అని పదిమందిలో గట్టిగా అరిచా. లోపల్నుంచి ఓనరు వచ్చి, ఆ కుర్రాణ్ణి నా ముందే తిట్టి, డబ్బులు వెనక్కి ఇప్పించాడు. నేను గెలిచిన వీరుడిలా బస్సెక్కా.

రెండు నెలల తర్వాత వేరే ఎవరిదో కార్డు అరువు తెచ్చుకుని పెట్టినప్పుడు మళ్ళీ అదే చప్పుడు. ఈసారి తిట్టడానికి ఎవరూ లేరు కాబట్టి గేమ్ ఫోల్డర్ తెరిచి చూశా :) ఆ గేమ్‌ని మేం ఇన్‌స్టాల్ చెయ్యలేదు, ఒక సీనియర్ మిషన్లోంచి ఫోల్డరంతా ఫ్లాపీల మీద మోసుకొచ్చాం. దాంతోపాటే అతని సెట్టింగుల ఫైలు కూడా వచ్చింది. అందులో ఐఆర్‌క్యూ 7 అని ఉంది. మూడు కార్డులూ 5 మీద ఉన్నాయి. కార్డు 5 నంబరు గంట కొడుతుంటే గేమ్ 7 నంబరు గంట కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఆ ఒక్క అంకె మార్చగానే అన్నీ పలికాయి.

ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది అక్షరాలా నేనే. ఆ షాపుకి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలనుకునేసరికి ఆ చోట వేరే షాపు ఉంది.

సరే, కథలోకి వస్తే, ఇలాంటి బాధ ఒక్క నాది కాదు, ఆటలు తయారుచేసేవాళ్ళది కూడా. మార్కెట్లో పదుల రకాల కార్డులు. ప్రతి ఆటా ప్రతి కార్డుకీ కోడ్ రాసుకోలేదు. అందుకని బయటివాళ్ళు రాసిన సౌండ్ లైబ్రరీలు కొనుక్కునేవాళ్ళు. 1993 డిసెంబర్లో వచ్చిన 'డూమ్' కూడా డీఎంఎక్స్ అనే అలాంటి లైబ్రరీ మీదే నడిచింది. దాని ఫలితం నాలుగేళ్ళ తర్వాత కనిపించింది. 1997 డిసెంబర్లో ఐడీ సాఫ్ట్‌వేర్ డూమ్ సోర్స్ కోడ్‌ని జనానికి ఇచ్చేసింది. ఇచ్చింది మాత్రం లైనక్స్ కోడ్. కోట్లమంది ఆడిన డాస్ కోడ్ ఇవ్వలేకపోయారు, సౌండ్ లైబ్రరీ పరాయివాళ్ళది కాబట్టి. ఆ లైబ్రరీ వాడటం తప్పైందని, ఇప్పుడు సౌండ్ కోడ్ తనే రాసుకుంటున్నానని జాన్ కార్మాక్ ఆ కోడ్‌తో పాటు పెట్టిన నోట్‌లోనే ఒప్పుకున్నాడు. థర్డ్ పార్టీ లైబ్రరీ పెట్టేముందు లైసెన్సు చదవమని మన మేనేజర్లు మొత్తుకునేది ఇందుకే.

1995లో విండోస్ 95, దాని వెనకే డైరెక్టెక్స్ వచ్చాయి. పద్ధతి మారింది. ఇక ఆట కార్డుతో మాట్లాడక్కర్లేదు, డైరెక్ట్‌సౌండ్‌తో మాట్లాడితే అది డ్రైవర్‌తో మాట్లాడుతుంది. ఐఆర్‌క్యూలు మనిషి చూసుకోనక్కర్లేదు. హమ్మయ్య అనుకున్నాం. కానీ సమస్య పోలేదు, ఇల్లు మారింది. ఇదివరకు మన కళ్ళ ముందు ఒక ఫైల్లో కనిపించే అంకె ఇప్పుడు డ్రైవర్ లోపల దాక్కుంది. విండోస్ 98తో వచ్చిన కొత్త డ్రైవర్ పద్ధతిలో కేమిక్సర్ అనే భాగం అన్ని శబ్దాల్నీ కలిపి పంపేది. ఆ కలపడానికే సుమారు 30 మిల్లీసెకన్ల ఆలస్యం. సౌకర్యం ఊరికే రాదు.

ఆ రోజుల్లోనే ఒక అద్భుతం జరిగింది, ఒక అన్యాయం కూడా. అమెరికాలో ఆరియల్ అనే కంపెనీ ఏ3డి అనే టెక్నాలజీ తెచ్చింది. 1998లో వచ్చిన దాని రెండో వెర్షన్, గదిలో గోడలెక్కడున్నాయో ఆట దగ్గర అడిగి తెలుసుకుని, శబ్దం వాటి మీద తగిలి ఎలా తిరిగొస్తుందో లెక్కగట్టేది. మామూలు హెడ్‌ఫోన్లలో శత్రువు వెనకున్నాడా, పైనున్నాడా అని తెలిసేది. క్రియేటివ్ వాళ్ళు దానికి పోటీగా ఈఏఎక్స్ తెచ్చారు, సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డుతో. అది గుహలో ప్రతిధ్వని, హాల్లో ప్రతిధ్వని లాంటి ఎఫెక్టులు ఇచ్చేది. 'హాఫ్ లైఫ్' రెండిటినీ వాడుకుంది. అదే 1998లో వచ్చిన 'థీఫ్' అనే ఆటలో ఐతే సౌండే ఆట. మీరు దొంగ. చీకట్లో నక్కి, కాపలావాడి బూట్ల చప్పుడు ఎటు పోతోందో విని అడుగెయ్యాలి. రాతి నేల మీద నడిస్తే మీ చప్పుడు వాడికి వినిపిస్తుంది, తివాచీ మీద ఐతే వినిపించదు. అలాంటి ఆటలో సౌండ్ పాడైతే నాణ్యత తగ్గడం కాదు, ఆటే పోతుంది.

1998లోనే క్రియేటివ్ పేటెంట్ల పేరుతో ఆరియల్ మీద కేసు వేసింది. 1999 డిసెంబర్లో ఆరియల్ గెలిచింది. గెలిచి చచ్చిపోయింది. లాయర్ల ఖర్చుకి తట్టుకోలేక 2000లో దివాళా తీస్తే, దాని ఆస్తుల్ని కొన్నది క్రియేటివే. ఏ3డి 2 అక్కడితో ఆగిపోయింది. ఆరియల్ కార్డులు కొన్నవాళ్ళకి కొత్త విండోస్‌లకి సరైన డ్రైవర్లు ఇచ్చే దిక్కు లేకుండా పోయింది. వాళ్ళ మిషన్లలో వచ్చిన సౌండ్ సమస్యలకి మూలం సర్క్యూట్‌లో లేదు, కోర్టులో ఉంది.

పిడకల వేట అనుకోకపోతే ఇంకో కోర్టు తరహా ముచ్చట. 'డూమ్ 3' కోసం కార్మాక్ నీడలు గియ్యడానికి ఒక చిట్కా కనిపెట్టాడు. తీరా చూస్తే ఆ చిట్కాకి పేటెంటు అప్పటికే క్రియేటివ్ దగ్గరుంది. సౌండ్ కార్డుల కంపెనీ దగ్గర నీడల పేటెంటు! చివరికి 2004లో ఒప్పందం కుదిరింది, పేటెంటు వాడుకోండి, బదులుగా మా ఈఏఎక్స్ మీ ఆటలో పెట్టండి అని. 2011లో డూమ్ 3 సోర్స్ కోడ్ విడుదల చేసేటప్పుడు ఆ పేటెంటు తగలకుండా కార్మాక్ మళ్ళీ కొత్త లైన్లు రాయాల్సొచ్చింది. మొదటి డూమ్ కోడ్‌ని సౌండ్ ఆపింది, మూడో డూమ్‌లో నీడల్ని కూడా సౌండ్ కంపెనీయే పట్టుకుంది. రాసిపెట్టి ఉండాలి.

ఈలోగా మామూలు జనం ఇళ్ళల్లో వేరే మార్పు వచ్చింది. 1997లో ఇంటెల్ ఏసీ97 ప్రమాణం తెచ్చాక సౌండ్ చిప్ మదర్‌బోర్డు మీదకే వచ్చేసింది. వేరే కార్డు కొనక్కర్లేదు. కానీ చాలా ఏసీ97 చిప్పులు అన్నిటినీ 48,000 శాంపిళ్ళకి మార్చి గానీ పలికేవి కావు. చాలా ఆటల్లో శబ్దాలు 11,025, 22,050, 44,100 లెక్కన ఉంటాయి. 44,100ని 48,000 చెయ్యాలంటే ప్రతి 147 శాంపిళ్ళనీ 160గా సాగదియ్యాలి. అది చవగ్గా చేస్తే తాళాలు, గాజు పగిలిన చప్పుళ్ళు గరుగ్గా తయారవుతాయి. సౌండ్ బ్లాస్టర్ లైవ్ కూడా లోపల 48,000కే మార్చేది. ఇక మదర్‌బోర్డు మీద పక్కనే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. మౌస్ జరిపితే స్పీకర్లో జుయ్ జుయ్ అనే చప్పుడు విన్నారా? అది కరెంటు రొద, శబ్దం దారిలోకి దూరింది. వాడని లైన్-ఇన్, మైకు ఛానెళ్ళని మ్యూట్ చేస్తే సగం తగ్గేది. మన హాస్టళ్ళలో ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గులు, మూడు పిన్నుల వైరుకి రెండు పిన్నుల అడాప్టర్లు. గుయ్‌మనే హమ్‌కి కారణం గోడలో ఉంటే మనం కంట్రోల్ ప్యానెల్లో వెతికేవాళ్ళం.

2007 జనవరిలో విస్టా మార్కెట్లోకి వచ్చింది. ఇదే ఈ కథలో పెద్ద మలుపు. సౌండ్ డ్రైవర్లు కెర్నెల్లో కూర్చుని మిషన్ మొత్తాన్ని పడగొట్టడం భరించలేక మైక్రోసాఫ్ట్ సౌండ్ పనిలో చాలా భాగాన్ని కెర్నెల్ బయటికి తెచ్చింది. అన్ని శబ్దాల్నీ సాఫ్ట్‌వేరే కలుపుతుంది. డైరెక్ట్‌సౌండ్ నుంచి హార్డ్‌వేర్‌కి ఉన్న దారి మూసేశారు. ఇంజనీరుగా చూస్తే అది సరైన నిర్ణయమే. ఒక చప్పుడు చిప్ పాడైతే మన డాక్యుమెంట్ ఎందుకు పోవాలి? అప్పటికి ప్రాసెసర్లకి శబ్దాలు కలపడం పెద్ద బరువు కూడా కాదు.

కానీ ఒక్క రోజులో, ఈఏఎక్స్‌ని డైరెక్ట్‌సౌండ్ ద్వారా వాడుకున్న పాత ఆటలన్నీ బోసిపోయాయి. శబ్దం వస్తుంది, ప్రతిధ్వని రాదు, గోడ అవతల ఉన్నట్టు వినిపించాల్సింది పక్కనే వినిపిస్తుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. పోయిందని తెలియాలంటే ఒకప్పుడు అది ఎలా ఉండేదో మీకు గుర్తుండాలి. సౌండ్ సమస్యల్లో ఇది అన్నిటికంటే చెడ్డ రకం. చెవికి ఏదో తేడా, చేతికి ఆధారం లేదు. క్రియేటివ్ వాళ్ళు ఆల్కెమీ అనే ప్రోగ్రామ్ తెచ్చారు, ఆట డైరెక్ట్‌సౌండ్‌తో మాట్లాడే మాటల్ని ఓపెన్‌ఏఎల్ భాషలోకి మార్చి వేరే దారిన కార్డుకి చేరవేస్తుంది. వాళ్ళ డ్రైవర్లలో లోపాల్ని బయటి ప్రోగ్రామర్ ఒకతను సొంతంగా సరిచేసి పంచితే, 2008 మార్చిలో ఆ పని మానెయ్యమని కంపెనీ బహిరంగంగా చెప్పింది. కొన్నవాళ్ళు భగ్గుమన్నారు. కోపం రాదూ మరి? డబ్బిచ్చి కొన్న కార్డు, పనిచేస్తుందని ఒకడు చేసి చూపించాడు, అతన్ని ఆపారు.

విస్టాలోనే ఇంకో వింత 2007 ఆగస్టులో బయటపడింది. పాట పెట్టగానే నెట్‌వర్క్ వేగం పడిపోతోంది! మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే మార్క్ రుసినోవిచ్ దీని గుట్టు విప్పి చెప్పాడు. శబ్దం చిట్లకుండా ఉండాలని, పాట మోగుతున్నంతసేపు నెట్‌వర్క్ ప్యాకెట్లని మిల్లీసెకనుకి 10కి మించి తీసుకోకూడదని ఒక హద్దు పెట్టారట. వడ్డించేవాడిని ఇంకెవరూ పిలవకుండా వాకిట్లో మనిషిని నిలబెట్టడమన్నమాట. గిగాబిట్ నెట్‌వర్క్‌లో ఆ హద్దు మరీ తక్కువైంది. చూడండి, 1981 నాటి ప్రశ్నే. ప్రాసెసర్ టైము ఎవరికెంత?

ఇదంతా చదివాక, "సరేనయ్యా, ఇప్పుడు నా గేమ్‌లో సౌండ్ గరగరమంటోంది, నేనేం చెయ్యాలి" అని అడిగేవాళ్ళకి చరిత్రలోంచే జవాబు. ముందు చెవితో జబ్బు రకం పట్టండి. చిటపట, తెగిపోవడం ఐతే వడ్డన ఆలస్యం. వైఫై డ్రైవరో, పవర్ సేవింగో, ఇంకేదో ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంది. డబ్బాలోంచి వస్తున్నట్టుంటే బ్లూటూత్ వేషం గానీ శాంపిల్ రేటు తేడా గానీ. గుయ్‌మంటే కరెంటు, వైరు. శుభ్రంగా ఉండి కూడా దిక్కులు తెలియకపోతే రెండుసార్లు 'సరౌండ్' చేస్తున్నారు, గేమ్ ఒకసారి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ ఇంకోసారి. ఒకటి తీసెయ్యండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పనిచేసే వేరే చోట పెట్టి చూడండి. మన ఆఫీసులో ప్రొడక్షన్ బగ్గుకి ఇదంతా చేస్తాం, ఇంటికొచ్చేసరికి మాత్రం మొదటి పని రిటర్న్ బటన్ నొక్కడం.

నలభై ఏళ్ళ ఈ కథలో మద్దెల నిజంగా ఓడైన సందర్భాలు తక్కువే. ఎక్కువసార్లు మద్దెల బాగానే ఉంది, వాయించేవాడూ బాగానే ఉన్నాడు, ఇద్దరికీ తాళం కుదరలేదు. ఇద్దరి మధ్యా వచ్చే సమస్యకి ఓనరు ఉండడు. ఓనరు లేని తప్పు ఎప్పుడూ ఎదురుగా కనిపించేవాడి నెత్తినే పడుతుంది. కాల్ సెంటర్లో అమ్మాయి మీద, డెలివరీ కుర్రాడి మీద, సపోర్ట్ టీమ్‌లో రాత్రి షిఫ్టు మనిషి మీద. మన వృత్తిలో ఉన్నవాళ్ళం ఇది రెండు వైపుల నుంచీ చూసినవాళ్ళం. ఐనా మర్చిపోతాం.

నిన్న రాత్రి డాస్‌బాక్స్‌లో ఆ పాత గేమ్ పెట్టా. 2002 నుంచి ఉన్న ఎమ్యులేటర్ అది. లేని సౌండ్ బ్లాస్టర్‌ని ఉన్నట్టు నమ్మిస్తుంది. దాని సెట్టింగుల ఫైలు తెరిస్తే అడ్రస్ 220, డీఎంఏ 1, హై డీఎంఏ 5. ఐఆర్‌క్యూ ఎంతో తెలుసా? 7. అది దాని డీఫాల్టు. ఇప్పుడు నా మిషన్లో ఆ కార్డూ లేదు, ఆ గంటా లేదు, ఆ అంకె మాత్రం అలాగే ఉంది. ఆ సీనియర్ సెట్టింగుల ఫైలు దీంట్లో ఐతే మొదటిసారికే పలికేది.

మేనల్లుడికి ఫోన్ చేసి, మొదటి హెడ్‌సెట్ తిప్పి పంపినప్పుడు రివ్యూలో ఏం రాశావురా అని అడిగా. ఒక స్టార్ ఇచ్చి, అమ్మినవాడు మోసగాడని రాశాడట. "తీసెయ్యరా" అన్నా. "ఎవరు చూస్తారు మావయ్యా" అన్నాడు. వాళ్ళ ఓనరు చూస్తాడు అన్నా. తీసేశాడు.

పార్క్ లేన్ కుర్రాడి పేరు కూడా నేను అడగలేదు. ఇప్పుడు అతనికీ నాలాగే నలభై దాటి ఉంటాయి. ఎక్కడైనా తగిలితే చెప్పాల్సిన మాట ఒక్కటే: బాబూ, నీ కార్డులు రెండూ మంచివే.